ఇంట్లో ఇంజనీరు: గేరు రాడ్ చూపినది, గేరుబాక్సులో ఉన్నది

ఈ శీర్షికలో ఇంతవరకు నీటి పంపులు, మిక్సీలు, ఇన్వర్టర్ల గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి కారు గేరు రాడ్ సర్దుబాటు గురించి వ్రాయవలసిన సందర్భం మా ఇంటి మనిషి మూలంగానే ఏర్పడింది.

మా మేనల్లుడు ఢిల్లీలో, యమునకు తూర్పున ఉన్న లక్ష్మీ నగర్‌లో అద్దెకుంటున్నాడు. చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణ కేంద్రాల బోర్డులతో, తల మీద అల్లుకున్న కరెంటు తీగలతో నిండిన ఆ వీధులలో సైకిలుకే చోటు దొరకదు. అటువంటి చోట మావాడు ఎవరో వాడి విడిచిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నాడు. అది వాడి చిన్ననాటి కోరిక, కాదనడానికి మేమెవరము?

మొన్నటి శీతకాలంలో ఒక ఆదివారం మేము అతని ఇంటికి వెళ్లాము. కారు చూపాలన్న ఉత్సాహంతో క్రిందకు తీసుకువెళ్లాడు. స్తంభాల నడుమ కారు నిలిపి ఉంది. రాత్రి మొదటి గేరులో వదిలిన కారును న్యూట్రల్‌లోకి లాగి, క్లచ్ నొక్కకుండానే తాళం చెవి త్రిప్పాడు. కారు ఒక్కసారిగా అడుగు దూరం ముందుకు దూకి ఆగిపోయింది. ఇంటి యజమాని మనుమరాలు అంతకు నిమిషం ముందు వరకు ఆ బంపరు ముందే బంతి ఆడుకుంటోంది. కాసేపు మా ఇద్దరికీ మాట రాలేదు.

"న్యూట్రల్‌లోనే ఉంది మామయ్యా, చూడండి" అన్నాడు. చూశాము. రాడ్ నిజంగానే నడిమధ్య నిలిచి ఉంది.

విచారించగా మరికొన్ని సంగతులు తెలిశాయి. రెండవ గేరు నిలువక జారిపోతున్నదట. ఒక గ్యారేజీవారు గేరుబాక్సు విప్పి లోపలి భాగాలు మార్చాలని, అందుకు అతని రెండు నెలల జీతమంత ఖర్చు కాగలదని చెప్పారట. మావాడు ఆ సొమ్ము కూడబెట్టే పనిలో ఉన్నాడు. అంతవరకు కారును మాత్రం నడుపుతూనే ఉన్నాడు.

ఏ యంత్రాన్నైనా బయట నుండి లోపలకు, తేలిక నుండి కష్టానికి పరీక్షించడం మన వృత్తిధర్మం. మొదట ఇంజను ఆపి గేర్లు వేసి చూడాలి. ఆపినప్పుడు సాఫీగా పడి, నడుస్తున్నప్పుడు మాత్రమే కరకరలాడితే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అనుమానించాలి. ఆపినప్పుడు కూడా తేడా ఉంటే దోషం రాడ్‌కూ గేరుబాక్సుకూ నడుమ ఉండవచ్చు. ఇక్కడ ఇంజను ఆపి ఉన్నా ఒకటి, మూడు, అయిదు గేర్లకు రాడ్ సగం దూరమే ముందుకు పోయింది. రెండు, నాలుగు గేర్లకు వెనుకకు వచ్చి తోలు తొడుగు అంచును తాకి ఆగిపోయింది. లోపలి అరుగుదల అయితే ముందుకు పోయే గేర్లన్నీ ఒక విధంగా, వెనుకకు వచ్చేవన్నీ మరొక విధంగా ఇంత క్రమంగా తప్పవు. రాడ్ మధ్యస్థానమే ప్రక్కకు జరిగిందన్నమాట.

ఒకప్పుడు మనలో పలువురు నడిపిన ప్రీమియర్ పద్మినిలో గేరు రాడ్ స్టీరింగు క్రిందనే ఉండేది. 1983 డిసెంబరులో ఢిల్లీలో మొదటి యజమాని చేతికి అందిన మారుతి 800 వచ్చాక నేల మీది రాడ్ మధ్యతరగతి ఇళ్లకు అలవాటైంది. మావాడి కారులో రాడ్ నుండి గేరుబాక్సుకు రెండు కేబుళ్లు పోతాయి. ఒకటి వరుసను ఎన్నుకుంటుంది, రెండవది గేరును వేస్తుంది. కేబులు చివర ఒక బిగింపు, రాడ్ అడుగున ఒక ప్లాస్టిక్ బుష్ ఉంటాయి.

తొడుగు విప్పి చూస్తే బుష్ 2 మిల్లీమీటర్లు అరిగింది, బిగింపు సుమారు 8 మిల్లీమీటర్లు జారింది. ఇరుసుకు పైన రాడ్ పొడవు 240, క్రింద 60 మిల్లీమీటర్లు, అనగా నాలుగింతలు. అడుగున 10 మిల్లీమీటర్ల లోపం చేతి దగ్గర 40 అవుతుంది. గేరు పడడానికి చేయి జరిగే దూరం 80 మాత్రమే. కనుక రాడ్ న్యూట్రల్‌కు వచ్చినా గేరుబాక్సు సగం దారిలోనే ఉండిపోయింది.

మరమ్మతు సులువే. చదునైన నేల మీద చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం చెవి జేబులో వేసుకున్నాము. కాశ్మీరీ గేటు విడిభాగాల బజారు నుండి మావాడు తెచ్చిన క్రొత్త బుష్ వేశాము. తరువాత బిగింపు వదులు చేసి, గేరుబాక్సు మీది మీటను దాని స్వంత న్యూట్రల్‌కు తెచ్చి, కారును చేతితో నెట్టి కదులుతున్నదని నిర్ధారించుకున్నాము. అందుకు ఇటుకలను, బ్రేకును క్షణకాలం తీసి మరల వేశాము. ఆపై రాడ్‌ను మూడు-నాలుగు గేర్ల వరుసలో నిటారుగా నిలిపి, దానికై ఉన్న రంధ్రంలో సన్నని కమ్మీ దూర్చాము. ఇప్పుడు రెండు వైపులా న్యూట్రలే. ఏదీ కదలకుండా బిగింపు బిగించి, కమ్మీ తీసివేశాము. రివర్సుతో సహా అన్ని గేర్లను ముందు ఇంజను ఆపి, తరువాత క్లచ్ నొక్కి, నడిపించి చూశాము. రెండవ గేరు నిలిచింది. ఖర్చు నాలుగు వందల రూపాయలు, ఒక పూట శ్రమ.

పని ముగిశాక మావాడు రాడ్ ప్రయాణాన్ని తగ్గించే సామగ్రి కొంటానన్నాడు. పందెపు కార్లలో అట్లాగే ఉంటుందట. కాగితం మీద లెక్క వేసి చూపాము. అడుగు భాగాన్ని 60 నుండి 80కి పెంచితే చేయి జరిగే దూరం 80 నుండి 60కి తగ్గుతుంది, నిజమే. కాని కావలసిన బలం మూడవ వంతు పెరుగుతుంది. మీట సూత్రం ఎవరికీ ఊరకే ఏమీ ఇవ్వదు. మావాడు నవ్వి ఊరుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో కూర్చున్నాక మాకు వేరొక సంగతి జ్ఞాపకం వచ్చింది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒత్తిడిని విడుదల చేసే వాల్వు ఒకటి తెరుచుకుని, మరల మూసుకోలేదు. కంట్రోలు గదిలో దాని దీపం మాత్రం ఆరింది. మూసుకొమ్మన్న ఆదేశం వెళ్లిందని మాత్రమే ఆ దీపం చెప్పగలదు. వాల్వు మూసుకున్నదో లేదో చెప్పలేదు. దీపాన్ని నమ్మిన సిబ్బందికి శీతలజలం పోతున్నదని చాలాసేపటివరకు తెలియలేదు.

మన కర్మాగారంలో వాల్వు చక్రం త్రిప్పి ఊరుకోము, పీడనమాపకం వైపు చూస్తాము. ఆ అలవాటును గేటు దగ్గరే వదిలి ఇంటికి రావడం తగదు. రాడ్ న్యూట్రల్‌లో కనబడినా క్లచ్ పూర్తిగా నొక్కిన తరువాతనే తాళం చెవి త్రిప్పండి. ఎక్కే ముందు బండి చుట్టూ ఒకసారి నడిచి రండి. క్రొత్తగా బండి నేర్చుకుంటున్న మీ పిల్లలకు కూడా ఇదే నేర్పండి. గేరు జారుతున్నదని ఎవరైనా చెబితే సరిచేసే వరకు ఆ బండిని ఇంటనే ఉంచండి. బయటి పరీక్షలన్నీ చేశాక కూడా దోషం తీరకపోతే మాత్రం గేరుబాక్సు జోలికి మీరు పోక, తెలిసిన మెకానిక్కుకు అప్పగించండి.

ఇంటి యజమాని మనుమరాలు ఇప్పుడు కూడా అక్కడే బంతి ఆడుతోందట. మావాడు మాత్రం కారును గోడవైపు ముఖం పెట్టి నిలుపుతున్నాడు.