పసుపు ప్లేటుకు ప్రవేశం లేదట!

మన విశ్వవిద్యాలయాల గేట్ల మీద తరచు కనిపించే ఒక బోర్డు ఉంది: "వాణిజ్య వాహనాలకు ప్రవేశం లేదు." విద్యాలయం వ్యాపార స్థలం కాదు గదా, ఇందులో తప్పేముందని మన మేధావులు అడుగుతారు. తప్పు ఆ "వాణిజ్య" అన్న మాటలోనే ఉంది.

గేటు కావలివాడు వాణిజ్యాన్ని ఎలా గుర్తుపడతాడు? నంబరు ప్లేటు రంగును బట్టి. తెల్ల ప్లేటు సొంత బండి, పసుపు ప్లేటు కిరాయి బండి. (కరెంటు బండ్లకు ఆకుపచ్చ ప్లేటు వచ్చింది గాని, అందులోనూ కిరాయి బండికి అక్షరాలు పసుపే.) కోచింగు సంస్థవాడు సొంత కారులో వచ్చి తన సరుకు అమ్ముకుంటే అది వాణిజ్యం కాదు, హాస్టలు పిల్లల కంచంలోకి బియ్యం తెచ్చే బండి మాత్రం వాణిజ్యం! ఇంకో వింత చూడండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం రవాణా వాహనానికి ఇచ్చిన నిర్వచనంలో విద్యాసంస్థ బస్సు కూడా ఉంది. రంగునే నమ్ముకుంటే విశ్వవిద్యాలయం తన బస్సునే గేటు దగ్గర ఆపాలి. ఆపదు. అది తనది గనుక.

మా ద్రాక్షారామానికి కార్తీకమాసంలో పంచారామ యాత్ర బస్సులు వస్తాయి. భీమేశ్వరుని దగ్గరికి జనాన్ని తెచ్చేది కిరాయి బండే. దాన్ని చూసి క్షేత్రం మైలపడిందని ఎవరూ అనరు. ఈ ఊరినుంచి రామచంద్రపురం మీదుగా కాకినాడకో రాజమహేంద్రవరానికో చదువుకు పోయే పిల్లకు సొంత కారు ఎక్కడిది? పెట్టే బేడా సర్దుకొని బస్సు దిగి ఆటో ఎక్కుతుంది. గేటు దగ్గర ఆటోను ఆపేస్తే పెట్టె మోసుకుంటూ ఎండలో హాస్టలుదాకా నడవాలి. ఆ వేళకు అధ్యాపకుని కారు (నా వర్గంవారిదే, దాచడమెందుకు) చెట్టునీడన సాయంత్రందాకా నిద్రపోతూ ఉంటుంది.

స్థలం చాలదంటారు. సరే, లెక్క చూద్దాం. ఒక కారు నిలపడానికి సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావాలి. ఒక్క మనిషి కోసం ఆ చోటును రోజంతా ఆక్రమించేది కారు. మెస్సుకు సిలిండర్లు దించే బండి పని కాగానే వెళ్ళిపోతుంది. దాన్ని బయటే ఆపితే 19 కిలోల గ్యాసు, దానికి తోడు ఇనుప సిలిండరు బరువు, కూలీ భుజం మీదికి మారతాయి. లోపల ఒక బండి తగ్గిందని మాత్రం లెక్క రాసుకుంటారు.

భద్రత వాదంలో నిజముంది. పిల్లలు నడిచే దారిలో లారీ పరుగెత్తకూడదు. అందుకు వేగానికి హద్దు పెట్టండి. సరుకు దించడానికి వేళలు పెట్టండి, మెస్సు వెనుక చోటు చూపండి. అంబులెన్సూ ఫైరింజనూ పోవలసిన దారిలో ఎవరి బండీ, ఉపకులపతిగారిదైనా సరే, నిలపకూడదని రాయండి. కారు గుద్దితే మాత్రం కాలు విరగదా?

ఇంతకూ ఈ నిబంధనలు రాసేదెవరు? 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం పట్టణ విక్రయ కమిటీలో విక్రయదారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదన్నది. అమలు సంగతి వేరే చెప్పుకోవాలి, సూత్రమైతే ఉంది. బజారులో తోపుడుబండివాడికి దక్కిన ఆపాటి హక్కు గేటు లోపల ఆటో డ్రైవరుకూ, మెస్సు కార్మికునికీ, హాస్టలు విద్యార్థినికీ ఎందుకు లేదు? ప్రజాస్వామ్యం మీద సెమినార్లు పెట్టే ఆచార్యులు పార్కింగు కమిటీలో వీరికి నాలుగు కుర్చీలు వేయాలి. సెమినారుకు కావలసిన కుర్చీలూ షామియానా వచ్చేది కూడా పసుపు ప్లేటు బండిలోనే. ఆ రోజున గేటు తెరిచే ఉంటుంది.