శుభకార్యమునకు పిలువని బిడ్డ

మన యిండ్లలో నొక క్రొత్త మైల పుట్టినది. పూర్వము వితంతువు పెండ్లిపందిరిలో కనబడిన నశుభమనిరి. ఆ దురాచారము నెదిరించి 1881వ సంవత్సరమున రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిన వితంతువివాహమును గూర్చి మనము నేటికిని గర్వముగ చెప్పుకొనుచున్నాము. చెప్పుకొనుట మంచిదే. కాని అట్లు చెప్పుకొనువారి యిండ్లనుండియే, ఆటిజము గల పిల్లవానిని పెండ్లికి తీసికొని రావలదని తల్లికి ముందుగ కబురు పోవుచున్నది. "నువ్వు తప్పకుండా రావాలి వదినా, వాణ్ణి మాత్రం ఎవరి దగ్గరైనా ఉంచి రా, పాపం వాడికీ ఇబ్బందే కదా" అని యెంతో మృదువుగ చెప్పుదురు. మృదువుగ చెప్పినంత మాత్రమున వెలి వెలి కాకపోవునా?

ఆటిజమును కొందరు స్వలీనత యని తెనిగించినారు. స్విట్జర్లండు వైద్యుడగు బ్లాయిలరు, గ్రీకు భాషలో 'తాను' అను నర్థము గల ఆటోస్ అను పదమునుండి కల్పించి, 1911 నాటి తన గ్రంథమున వాడిన మాటకు ఇది సరియైన యనువాదమే. మాట సరియే గాని భావము త్రోవ తప్పించుచున్నది. తనయందు తాను లీనమైనవాడనగానే చదువరికి కన్నులు మూసికొన్న యోగి యొక్కడు తోచును. ఈ పిల్లలలో పెక్కుర స్థితి దాదాపు దీనికి విపరీతము. వారికి లోకము మితిమీరి వినబడును, మితిమీరి తగులును. మన చెవిని పడియు పడనట్లుండు మిక్సీమ్రోత, చొక్కా మెడవెనుక కుట్టిన చీటీ, ట్యూబులైటు మినుకు వారికి దుస్సహములు కావచ్చును. మరికొందరికి నొప్పియే ఆలస్యముగ తెలియును. ఒకడు మాటాడడు, ఇంకొకడు రైళ్ల వేళల పట్టికనంతయు నప్పజెప్పును. కావున సంస్కృతము చదివిన మేమే యీ సంస్కృతపదమును విడిచి ఆటిజమనుచున్నాము.

ఇక నింద. తల్లి యుద్యోగము చేసిన ఉద్యోగమువలన, చేయకున్న గారాబమువలన, ఫోను చేతికిచ్చిన ఫోనువలన నిట్లయ్యెనని అమ్మలక్కలే గాక పట్టభద్రులగు మగవారును తీర్పులు చెప్పుచున్నారు. అమెరికాలో లియో కానరు అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను గూర్చి తన ప్రసిద్ధవ్యాసమును ప్రకటించినది 1943లో. ఆనాడు ఏ తల్లి యే బిడ్డచేతికి సెల్‌ఫోను నిచ్చెనో యీ న్యాయాధిపతులు సెలవిత్తురు గాక! పాశ్చాత్యులును ఈ పాపమునకు దూరులు కారు. తల్లి మనసు చల్లబడుటచే బిడ్డ యిట్లగునని అక్కడి పెద్దలు కొందరు దశాబ్దములు బోధించిరి. బెటెల్‌హైము 1967లో నొక పెద్ద గ్రంథమే వ్రాసెను. ఆటిజము గల కుమారునకు తండ్రియైన బెర్నార్డు రిమ్‌లండు 1964లోనే ఆ వాదమును ఖండించియుండెను. 1977లో ప్రకటితమైన కవలల పరిశోధన దీనికి వంశానుగతమైన కారణములు బలముగ నున్నవని చూపెను. అక్కడ పూడ్చిపెట్టిన వాదమును మనము త్రవ్వి తెచ్చి వంటయింట కూర్చుండబెట్టితిమి.

మొదట పెండ్లి సంగతియే చూతము. అక్కడ వానిని బాధించునవి యేవి? భజంత్రీలు, స్పీకరు, వీడియో దీపములు, బుగ్గ గిల్లు మేనమామలు, "నేనెవరో చెప్పు" అని గడ్డము పట్టుకొను పిన్నులు. గట్టిమేళ మెప్పుడు మ్రోగునో తల్లికి ముందుగ చెప్పిన, ఆమె ఆ వేళకు బిడ్డను వెలుపలికి గొనిపోవును, లేదా చెవులు మూయు హెడ్‌ఫోను తగిలించును. విడిదిలో నొక గదిని మైకు వినబడకుండ తలుపు వేసి యుంచిన ఖర్చేమి? వాడు పెరుగన్నమే తినువాడైన పెరుగన్నమే పెట్టుడు. పంక్తిలో లడ్డునుగూర్చి పంచాయతి వలదు. కండ్లలోనికి చూచి నమస్కారము చేయుమని నిర్బంధింపకుడు. కొందరు ముఖము చూడనప్పుడే మాట చక్కగ విందురు.

అంతచేసినను వాడు నేలపై బడి యేడ్వవచ్చును. దానిని మొండితన మందురు. మొండిపిల్లవాడు తన యేడ్పు నెవరు చూచుచున్నారో ఓరకంట కనిపెట్టును. వీనికి చూచువారితో పనియే లేదు. అప్పుడు పదిమంది చేరి పదిమాట లాడుట మంటపై నేయి పోయుట. తెలిసిన వారొక్కరుండి, తక్కినవారు తొలగి, వెలుతురును మాటలును తగ్గించి వేచియుండవలయును. వీడియో తీయ ఫోనెత్తిన బంధువు చేతిని దించుటయు సాయమే.

మా వృత్తివారు మాత్రము తక్కువవారా? "మీ వాడికి మా బడి సరిపడదండీ" యని పంపివేయుట పెక్కుచోట్ల మర్యాదగ చెల్లుచున్నది. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో ఆటిజమును చేర్చినది. నలుబది శాతమునకు తక్కువగాని వైకల్యము గలదని ధ్రువపత్రమున్న బిడ్డకు, ఆరేండ్లు మొదలు పదునెనిమిదేండ్లవరకు, ఇరుగుపొరుగు బడిలోగాని తాను కోరిన ప్రత్యేకపాఠశాలలోగాని ఉచితముగ చదువు హక్కు నిచ్చినది. గుమ్మములో నిలిచి దయ యడుగుచున్న తండ్రి చట్టము పేరెత్తవలయును. బడి చేయవలసినదియు బ్రహ్మవిద్య కాదు. నాటి పాఠముల వరుసను బొమ్మలుగ బల్లకు అంటించుట. గంట కొట్టుటకు రెండు నిమిషములు ముందు చెప్పుట. చిన్నవాక్యముతో నొక్క ప్రశ్న యడిగి జవాబుకై పదివరకు లెక్కించుట. ప్రశ్ననే వాడు తిరిగి పలికిన నది వెక్కిరింత యని బెత్తమెత్తరాదు. పలికినమాటనే మరల పలుకుట వారిలో పెక్కురకు భాషలోనికి దారి. మా తరగతిలో నిట్లు చేసినందున తక్కిన నలుబదిమందికి పాఠము తరుగలేదు.

తల్లిని చూచి కన్నీరు పెట్టువారు మనలో కావలసినంతమంది కలరు. ఆమెకు కావలసినది ఆదివారము సాయంకాలము రెండు గంటలు. ఆమె చెల్లెలో ఆడుబిడ్డయో మొదటి రెండువారములు ఆమె యింట నుండగనే పోయి వానిప్రక్క నూరక కూర్చుండవలయును. ఏ శబ్దమునకు బెదరును, ఏది తినును, వద్దనుటకు చేతితో నేమి సంజ్ఞ చేయును, ఇవియన్నియు అడిగి కాగితముపై వ్రాసికొనవలయును. మూడవ వారము ఆమె చెప్పులు తొడుగుకొని బజారుకో సినిమాకో పోవచ్చును.