భూమి పోయేది గెట్టు కాడనే

ఇయ్యాల వ్యవసాయం గురించి కాదు, హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న ఒక భూమి గురించి రాస్తున్న. కాస్త పెద్ద పోస్టే, ఓపిక చేసుకొని చదవండి.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దిక్కు పోయినోళ్లకు కేబీఆర్ పార్కు తెలిసే ఉంటది. సుమారు 390 ఎకరాలు. గజం లక్షల్లో పలికే చోట అన్ని ఎకరాల గుట్టలు, బండలు, పొదలు, నెమళ్లు. (మనకేమో నెమళ్లు పల్లి చేను పీకిపెట్టే దొంగలు, అక్కడ పొద్దున్నే ఫోటోలు దిగే ముచ్చట. అది ఇంకో పోస్టు.) చుట్టూ అంతా బంగ్లాలు, షోరూములు, ఆస్పత్రులు అయినంక ఈ ఒక్క ముక్క ఎట్ల మిగిలిందో ఎప్పుడన్నా ఆలోచించిన్రా?

అది చివరి నిజాం మనవడు ముకర్రం జా ఎస్టేట్. ఉస్మాన్ అలీ ఖాన్ సొంత కొడుకును పక్కన పెట్టి ఈ మనవణ్ణే వారసుడిని చేసిండు. 1967లో తాత పోయినంక ఈయనకు పట్టం కట్టిన్రు. ఆ గుట్టల్లోనే చిరాన్ ప్యాలెస్, దాని చుట్టూ మోర్ బంగ్లా, గోల్ బంగ్లా, గుర్రాల కొట్టాలు, కార్ల కోసం మోటారు ఖానా. వారసత్వంగా వచ్చింది ఒక్క ఆస్తే కాదు, వేలమంది నౌకర్లు, చుట్టాలు, కోర్టు కేసులు కూడా. 1971లో రాజభరణాలు రద్దయినయి. ఇంకొకరైతే లాయర్లను ముంగట పెట్టుకొని కూసుండేటోడు. ఈయన పోయి పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ స్టేషన్ అనే గొర్ల ఫారం కొన్నడు. చిన్నది కాదు, దగ్గర దగ్గర 5 లక్షల ఎకరాలు. కేంబ్రిడ్జిలో, శాండ్‌హర్స్ట్‌లో చదివిన మనిషి, నెహ్రూ దగ్గర పనిచేసిన మనిషి, అక్కడ బుల్డోజర్ ఎక్కి దుమ్ములో తిరిగిండు. డీజిల్ ఇంజన్లు విప్పి బిగించుడంటే ఆయనకు ప్రాణం. లోకం పిచ్చోడన్నది. నాకైతే ఆ ఒక్క విషయంలో ఆయన మీద కోపం రాదు. ట్రాక్టర్ స్టీరింగ్ పట్టుకున్నప్పుడు మనసు ఎంత నిమ్మళంగా ఉంటదో మనకు తెల్వదా?

ఆఖరికి ఆ ఫారం కూడా చేతిలోంచి పోయింది. చివరి ఏండ్లు టర్కీలో ఉండి 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూసిండు. హైదరాబాద్ తెచ్చి మక్కా మసీదులో సమాధి చేసిన్రు.

ఆయన చెట్ల మీద ప్రేమతో ఆ గుట్టలను కాపాడిండని నేను అనను. పంచలే, ప్లాట్లు చెయ్యలే, చదును చెయ్యలే, అంతే. మనసు ఇంకోచోట ఉన్న మనిషి భూమి పడావు పడి ఉంటది. ఆ పడావే అడవి అయ్యింది. 1998లో సర్కారు దాన్ని కాసు బ్రహ్మానంద రెడ్డి జాతీయ పార్కుగా ప్రకటించింది. ప్రకటించినంక కూడా ప్యాలెస్ భాగం చానా ఏండ్లు ఆయన కిందనే ఉండె.

ఇప్పుడు అసలు సంగతికొస్త. ఒక్కడి చేతిలో ఉన్నప్పుడు ఆ భూమికి ఒక యజమాని ఉండె, పట్టించుకోనోడైనా సరే. ఇప్పుడు అది అందరిదీ. అందరిదీ అంటే గెట్టు కాడ నిలబడేటోడు ఎవడు?

ఇది మనకు చెప్పాల్సిన పని లేదు. ఏ పక్క రైతూ వచ్చి మీ చేను నడుమ నాగలి పెట్టడు. ఏటా ఒక్క సాలు గెట్టులోకి దున్నుతడు. మూడేండ్లకు ఒరం సన్నగైతది, ఆరో ఏడు హద్దురాయి కనపడదు, పదో ఏడు ఆయనే సర్వేయర్‌ను తోలుకొస్తడు. మా ఊరి కుంట శిఖం గూడ ఇట్లనే పోయింది. ఎవ్వరూ కుంటను కబ్జా పెట్టలే, అంచులే పెట్టిన్రు. నీళ్లు మాత్రం నడుమనే మిగిలినయి, అవి గూడ వానకాలంలనే.

కేబీఆర్ కాడ జరుగుతున్నదీ ఇదే. జాతీయ పార్కు చుట్టూ కొంత రక్షణ పట్టీ ఉండాలని రూలు. ఇక్కడ 2020లో ఖరారు చేసిన పట్టీ వెడల్పు కొన్ని చోట్ల 3 మీటర్లు, ఎక్కువల ఎక్కువ 30 మీటర్లకు లోపే. మూడు మీటర్లంటే మన ఎడ్లబండి బాటంత. అంతకుముందు 2016లో చుట్టూ ఫ్లైఓవర్లు కడతమంటే జనం రోడ్డెక్కిన్రు, గ్రీన్ ట్రిబ్యునల్ చెట్ల నరుకుడు ఆపింది. మళ్ల ఇప్పుడు పార్కు చుట్టూ జంక్షన్లల్ల అండర్‌పాస్‌లు, ఫ్లైఓవర్లు అని కొత్త ప్లాను. సర్కార్లు మారినయి, అధికారులు మారిన్రు, కన్ను మాత్రం ఆ అంచు మీది నుంచి కదలలే.

ట్రాఫిక్ సంగతేందని అడుగుతరు. నిజమే, ఆ రోడ్డు మీద గంటసేపు ఇరుక్కున్నోడి బాధ నాకూ తెలుసు. కానీ రోడ్డు వెడల్పుకు ఎప్పుడూ పార్కు దిక్కే ఎందుకు గుర్తొస్తది? అవతలి దిక్కు అడుగు తీసుకోవాలంటే కోర్టు నోటీసులు, పరిహారాలు, పలుకుబడి ఉన్నోళ్ల ఫోన్లు. ఇవతల చెట్లున్నయి. చెట్లకు పట్టా పాసుబుక్కు లేదు, నెమలికి లాయర్ లేడు.

పట్నపోళ్లను ఒక్కటి మెచ్చుకోవాలె. పొద్దున వాకింగ్‌కు వచ్చేటోళ్లే ప్లకార్డులు పట్టుకొని నిలబడ్డరు, కేసులు వేసిన్రు. మన ఊర్లల్ల మంద బీడు పోతుంటే మనం అంత గట్టిగ నిలబడ్డమా? గొర్లోళ్లు మాత్రం అరిచిన్రు, మిగిలినోళ్లం అది వాళ్ల పంచాయితీ అనుకున్నం.

నా మాటగా ఒక్కటి చెప్త. ధర్నా చెట్టు నరికే రోజు కాదు, రాయి జరిగే రోజు చెయ్యాలె. పార్కు చుట్టూ నంబర్లు వేసిన హద్దురాళ్లు పాతాలె. గేటు కాడ ఎకరాలు, గుంటలతో సహా తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలె. ఏడాదికోసారి నడిచేటోళ్లను తోలుకొని సర్వే అధికారి గొలుసు పట్టి కొలవాలె, లెక్క ఆ బోర్డు మీదనే రాయాలె. దీనికి కోట్లు అక్కర్లేదు. మన చేను మనం కొలిపించుకునే పద్ధతే ఇది.

మీలో ఎవరన్నా అక్కడ రోజూ నడిచేటోళ్లుంటే, లేకపోతే మీ పిల్లలు ఆ దిక్కు నౌకరి చేస్తుంటే, రేపు పోయినప్పుడు కంచె కాడ ఒకసారి ఆగి చూడమనండి. హద్దురాళ్లు ఉన్నయా, ఉంటే వాటి మీద నంబరు ఉందా, ఫోటో తీసి కింద పెట్టండి.