సస్తా వద్దు, పేరూ వద్దు: వా పెడల్ కొనేవాడికి నా మష్వరా

ముషాయిరాలో మంచి షేర్ పడితే మెహఫిల్ అంతా "వాహ్ వాహ్" అంటుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆ వాహ్ పాదం కింద నుంచి వస్తుంది. దాని పేరే వా పెడల్. మడమ వైపు నొక్కితే తీగ "ఊ" అంటుంది, వేళ్ల వైపు నొక్కితే "ఆ" అంటుంది. పాదం మెల్లగా ఊపుతూ వాయిస్తే ఎవరో నోరు తెరిచి మూస్తూ పాడుతున్నట్టే ఉంటుంది. ఆ ఆవాజ్ ఒకసారి చెవిన పడ్డ కుర్రాడికి ఇక నిద్ర పట్టదు. ఒకప్పుడు నాకూ పట్టలేదు.

పోయిన ఇత్వార్ మా భతీజా ఇంటికొచ్చాడు. "చిచ్చా, ఆరు వేలున్నయ్. వా కొనాలె. ఏది తీసుకోను?" అన్నాడు. ఆ ఆరు వేలు ఎక్కడివో నాకు తెలుసు. కొంత ఈదీ. కొంత ఫంక్షన్ హాళ్లలో సౌండ్ బాక్సులు మోసిన మజూరీ. మిగిలింది మా భాభీ బ్లౌజులు కుట్టి దాచిన పైసలు. ఫోన్ తీసి రెండు పెడళ్లు చూపించాడు. ఒకటి పేరున్న గిటారిస్టు సంతకం ఉన్నది. వాడి దగ్గరున్న డబ్బుకి మూడింతలు. "కిస్తుల మీద కడ్త చిచ్చా" అన్నాడు. రెండోది పేరు కూడా సరిగ్గా లేని కొత్త పెడల్. మూడు వేల లోపే.

రెండూ వద్దన్నాను. వాడి మొహం చిన్నబోయింది. ఎందుకు వద్దన్నానో వాడికి చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను. ఇదే సవాల్ మీలో ఇంకొందరికీ ఉండొచ్చు.

నా రాయ్ ఇది. జేబు చిన్నదైనవాడు పేరుని కొనకూడదు, ఊరికే సస్తాగా ఉందని కూడా కొనకూడదు. మరమ్మత్ చేయించుకోగలిగేది కొనాలి. వా విషయంలో దానర్థం ఒక్కటే: పాతదైనా సరే, మామూలు క్రై బేబీ గానీ, వాక్స్ గానీ తీసుకోవాలి. పైన డిజైన్లు, పక్కన పది నాబులు లేని సాదా మోడల్.

ఈ మాట నాకు తజుర్బాతో వచ్చింది. ఇరవై దాటిన కొత్తలో నాకూ ఇదే పిచ్చి. అబ్బాజాన్ జీతం మీద ఇల్లు నడిచేది. ఆయన్ని అడిగి, మిగతాది దోస్తుల దగ్గర తీసుకుని, ఒక కొత్త పెడల్ కొన్నాను. డబ్బా మెరిసిపోతోంది. వారంటీ కాగితం కూడా ఉంది. మూడు నెలలకి ఒక రోజు నొక్కితే ఆవాజ్ రాలేదు. కొన్న దుకాణం వాళ్లు కంపెనీకి పంపాలన్నారు, పంపితే ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. రేడియోలు బాగుచేసే ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మూత తీసి చూసి, ప్లాస్టిక్ పళ్లు అరిగిపోయాయని చెప్పాడు. అలాంటి ముక్క బజార్లో దొరకదన్నాడు. బోర్డు మీది పార్టులు కూడా తన చేతికి అందనంత చిన్నవన్నాడు. అబ్బా ఒక్క మాట కూడా అనలేదు. "ఇయ్యాల వాయిస్తలేవేంది?" అని ఒకసారి అడిగి ఊరుకున్నారు. తిట్టినా బాగుండేది. ఆ ఖామోషీ ఇప్పటికీ గుర్తుంది. అందుకే భతీజా ఆరు వేలు నాకు ఆరు వేలలా కనిపించలేదు.

అసలు ఈ చీజ్ పుట్టిందే కిఫాయత్ కోసం. 1966లో అమెరికాలో థామస్ ఆర్గన్ అనే కంపెనీ, ఇంగ్లండ్ వాళ్ల వాక్స్ ఆంప్లిఫయర్‌ని ట్రాన్సిస్టర్లతో మళ్లీ తయారు చేస్తోంది. అందులో మధ్య స్వరాలను పెంచే స్విచ్ ఒకటి ఉండేది. అది మెహంగా పడుతోందని, దాని బదులు తక్కువలో పనయ్యే మార్గం చూడమని బ్రాడ్ ప్లంకెట్ అనే జూనియర్ ఇంజినీర్‌కి అప్పజెప్పారు. అతను స్విచ్ తీసేసి తిప్పే నాబ్ ఉన్న సర్క్యూట్ కట్టాడు. గిటార్ మోగుతుండగా ఆ నాబ్ తిప్పితే ఆవాజ్ "వా" అంది. ఆ సర్క్యూట్‌నే తీసుకుపోయి, అక్కడే ఉన్న ఆర్గన్ వాల్యూమ్ పెడల్ డబ్బాలో బిగించారు. 1967లో బజార్లోకి వచ్చినప్పుడు దాని మీద పెట్టిన పేరు కూడా గిటారిస్టుది కాదు. క్లైడ్ మెకాయ్ అనే ట్రంపెట్ వాద్యకారుడిది. ట్రంపెట్ నోటికి మూత పెట్టి, తెరుస్తూ మూస్తూ ఆయన రాబట్టిన ఆవాజ్‌నే ఈ పెడల్ నకలు చేసింది.

ఆ తర్వాత జిమీ హెండ్రిక్స్ 1968లో "వూడూ చైల్డ్ (స్లైట్ రిటర్న్)" మొదట్లోనే దీన్ని మోగించాడు. 1971లో ఐజాక్ హేస్ "షాఫ్ట్" సినిమా పాటలో చార్ల్స్ పిట్స్ వా మీద చికుచికుమని లయ కొట్టాడు. మరుసటి ఏడాది ఆ పాటకి ఆస్కార్ వచ్చింది. ఇలా ఖర్చు తగ్గించే పనిలో పుట్టిన వస్తువు కొనడానికి ఈ రోజు మన పిల్లలు కిస్తులు కట్టాలా అన్నదే నా ఎతరాజ్.

ఇప్పుడు మూత తీసి లోపల చూద్దాం. మామూలు వా పెడల్‌లో పెద్ద మాయ ఏమీ లేదు. రెండు మూడు ట్రాన్సిస్టర్లు, ఒక ఇండక్టర్, కాసిని రెసిస్టర్లు, కెపాసిటర్లు. పాదం పెట్టే పలక కింద ఒక పళ్ల పట్టీ ఉంటుంది. అది చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఒక పొటెన్షియోమీటర్‌కి బిగించి ఉంటుంది. మన మెకానిక్‌లు దాన్ని పాట్ అంటారు. అది తిరిగినకొద్దీ సుమారు 400 హెర్ట్జ్ నుంచి 2,000 హెర్ట్జ్ దాకా ఒక్కో చోటు పైకి లేస్తూ పోతుంది. మనిషి నోట్లో అచ్చులు పలికేది కూడా దాదాపు ఆ ఇలాకాలోనే. అందుకే అది మాట్లాడినట్టు ఉంటుంది.

ఎక్కువగా పాడయ్యేది కదిలే భాగమే, అంటే పాట్. అరిగితే గరగరమంటుంది. ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడొచ్చు. పోకపోతే 100కె పాట్ ఒకటి తెచ్చి టంకం వేస్తే పెడల్ మళ్లీ నిలబడుతుంది. హైదరాబాద్ వాళ్లకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. మామూలు పాట్ వేస్తే తిరుగుడు తీరు కొంచెం మారుతుంది, వా కోసమే చేసినది దొరికితే మేలు. కొనేముందు పళ్ల చక్రం దాని కడ్డీకి సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఇంకా పాడయ్యేది స్విచ్. అదీ మార్చుకోవచ్చు. క్రై బేబీ 1982 నుంచీ డన్‌లప్ వాళ్ల చేతిలో ఉంది. ఇన్నేళ్లుగా అదే రకం వస్తువు లోకమంతా తిరుగుతోంది కాబట్టి దాని పార్టులూ తిరుగుతున్నాయి, దాని రోగాలు తెలిసిన హకీములూ దొరుకుతారు. ఇది సంతకం కంటే పెద్ద గ్యారంటీ.

మరి సంతకం పెడళ్లు బేకారా? కాదు. హెండ్రిక్స్ పేరుతో, స్లాష్ పేరుతో, కర్క్ హామెట్ పేరుతో డన్‌లప్ వాళ్లే చేస్తారు. బాగుంటాయి. కానీ చాలావాటికి మూలం అదే సర్క్యూట్. ఊగే పరిధి కొంచెం అటూ ఇటూ జరుపుతారు, బయట బొమ్మ మారుస్తారు. ఆ ఫరఖ్ వినిపించాలంటే ముందు చెవి తయారవ్వాలి. చెవి తయారవ్వాలంటే రియాజ్ కావాలి. రియాజ్‌కి మామూలు పెడల్ చాలు.

కొత్త సస్తా పెడళ్లన్నీ చెడ్డవని కూడా అనను. కొన్నిట్లో పాట్ బదులు కాంతితో పనిచేసే కంట్రోల్ ఉంటుంది. అందులో రాపిడి లేదు, గరగర రాదు. అది నిజంగా ఫాయిదానే. కానీ అది ఆగిపోయిన రోజు ఎవరి దగ్గరికి పోతారు? ఆ జవాబ్ మీ దగ్గరుంటే కొనండి. మీ ఊళ్లో టంకం పట్టే ఉస్తాద్ చూసి తలూపితేనే అది సస్తా. లేకపోతే అది రెండుసార్లు కొనే సామాను.

ఒక దోస్త్ నాతో వాదించాడు. "ఇన్ని తిప్పలెందుకు? పెడల్ కూడా ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ కొంటే అందులో వా వస్తుంది, ఇంకా యాభై ఆవాజ్‌లు వస్తాయి కదా" అన్నాడు. ఆయన మాటలో దమ్ముంది. ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించేవాడికి, ఇంకా ఏ పెడలూ లేనివాడికి అదే సరైన సౌదా. కానీ మా వాడి దగ్గర ఆంప్లిఫయర్ ఉంది, డిస్టార్షన్ పెడల్ ఉంది. వాడు దోస్తులతో కలిసి నిలబడి వాయిస్తాడు. అలాంటివాడి పాదానికి బరువున్న లోహపు పెడల్ కావాలి. మీరు ఎక్కడ వాయిస్తారో ముందు ఈమాన్‌గా చెప్పుకోండి, తర్వాత ఖర్చు పెట్టండి.

పాతది కొనేటప్పుడు చూసుకోవాల్సినవి చెబుతాను. మీ గిటార్, మీ కేబుల్ తీసుకుని పోండి. ఫొటో చూసి పైసలు పంపొద్దు.

పెడల్ ఆన్ చేసి చాలా మెల్లగా ఊపండి. తొందరగా ఊపితే గరగర దాక్కుంటుంది. గరగర ఉంటే పారిపోవద్దు, అది భావ్ తగ్గించే మౌకా. పలక మొత్తం ముందుకి వంచి గట్టిగా నొక్కితే స్విచ్ పడాలి. కొద్దిగా వంచగానే పడుతున్నా, ఎంత తొక్కినా పడకపోయినా ముందు స్విచ్ నట్టు ఎత్తు సరిచేసి చూడొచ్చు. పలక వదులుగా జారుతుంటే ఇరుసు దగ్గరి నట్టు బిగిస్తే నిలుస్తుంది. ఇవి ఐబ్‌లు కావు, సర్దుబాట్లు.

తర్వాత పెడల్ ఆఫ్ చేసి వాయించండి. కేబుల్ తీసి గిటార్‌ని నేరుగా ఆంప్లిఫయర్‌కి పెట్టి మళ్లీ వాయించండి. పాత వాటిల్లో కొన్ని ఆఫ్‌లో ఉన్నా ఆవాజ్‌లో మెరుపుని కొంచెం మింగేస్తాయి. ఆ తేడా మీ చెవికి తట్టకపోతే ఫికర్ వద్దు. తడితే, స్విచ్ మార్పించే ఖర్చు హిసాబ్‌లో కలుపుకోండి.

చివరగా, అమ్మేవాడి ఇజాజత్ తీసుకుని అడుగున ఉన్న నాలుగు స్క్రూలు విప్పండి. బ్యాటరీ కారి పచ్చగా తుప్పు పట్టిందా, తీగలు తెగి అతికించారా చూడండి. లోపల చూపించనన్నాడంటే సలాం చెప్పి వచ్చేయండి. కొన్నాక కూడా ఒక జాగ్రత్త ఉంది. అడాప్టర్ 9 వోల్టులది, మధ్యలో మైనస్ ఉన్నదే వాడాలి. బ్యాటరీ మీద వాయిస్తే పని అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకేయండి. అది ఉన్నంతసేపూ, పెడల్ ఆఫ్‌లో ఉన్నా, బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది.

నిన్న సాయంత్రం మేమిద్దరం పోయి ఒక పాత క్రై బేబీ చూశాం. పెయింట్ అక్కడక్కడా లేచిపోయింది. మెల్లగా ఊపితే గరగరమంది. లోపల శుభ్రంగా ఉంది. అమ్మే అతను ఐదున్నర వేలన్నాడు. మా వాడు గరగర వినిపించి, మూత తీసి చూపించి, నాలుగు వేల ఎనిమిది వందలకి దించాడు. నేను పక్కన నిలబడ్డానంతే. మిగిలిన డబ్బులో పాట్ కోసం కొంత పక్కన పెట్టమన్నాను, కొత్త తీగల సెట్ కొనుక్కోమన్నాను, ఆపైన ఎంత మిగిలితే అంత భాభీ చేతిలో పెట్టమన్నాను.

రాత్రి భాభీ ఫోన్ చేసింది. "ఇంత పాతది తెచ్చిండేంది భయ్యా, దుకాణంల కొత్తవి లేవా?" అని అడిగింది. "ఖరాబైతే బాగుచేయించుకునేది ఇదే భాభీ" అన్నాను. వెనక నుంచి గరగర కలిసిన "వా" వినిపిస్తూనే ఉంది.