మూతి ముడుపుకూ మన భాషలో మాట ఉంది



తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు, పాఠం చదవమంటే తల దించుకొని, పెదవులు బిగించి నిలబడ్డాడు. పొగరు అనుకొని మందలించాను. వాని చేతిలోని పుస్తకం వణికింది. అప్పుడైనా నేను గ్రహించవలసింది. వానికి తెలుగు అక్షరాలు సరిగా రావనీ, ఆ సంగతి తోటివారి ముందు బయటపడుతుందని బెదిరాడనీ తరువాత తెలిసింది. ఇన్నేండ్ల బోధన తరువాత కూడా ఒక ముఖాన్ని తప్పుగా చదివాను.

మన సత్రపట్టి పిల్లలకు సైగలు కొత్తవి కావు. బ్యాండేజీ గుడ్డ నేసే మరమగ్గాల చప్పుడులో మాట వినబడదు. కనుబొమ ఎగురవేస్తే ప్రశ్న, చేయి తిప్పితే లేదని. అయితే పదమూడు, పదునాలుగేండ్లు వచ్చేసరికి పిల్లలు మరొకటి నేరుస్తారు, దాచడం. ఏడుపు వచ్చినా ఏడవరు. కోపాన్ని తలుపు మీద చూపుతారు. ఇంటిలో ఒక ముఖం, స్నేహితుల నడుమ మరొక ముఖం. ఎదుటివారి ముఖభావాలను వేరుచేసి గుర్తించే నేర్పు కూడా ఆ వయసులో ఇంకా పెరుగుతూనే ఉంటుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. మన అలసటను వారు కోపమనుకోవడం అందుకే వింత కాదు.

నాట్యశాస్త్రం స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అని ఎనిమిది సాత్త్విక భావాలను చెప్పింది. ఆ పిల్లవాని చేతి వణుకు వేపథువే. చదువుకొనే రోజులలో ఈ పట్టికను కంఠస్థం చేశాను; తరగతి గదిలో మాత్రం అక్కరకు రాలేదు!

మూతి ముడవడం వేరు, పెదవి విరవడం వేరు, ముఖం చిట్లించడం వేరు, కొరకొర చూడడం వేరు. ఇంట తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఈ మాటలలో సగం అందడం లేదు. 2006 నాటి చట్టంతో ఒకటవ తరగతి మొదలు క్రమంగా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వవలసిందే, అందులో నాకు పేచీ లేదు. కాని ఇంట పుట్టిన అలకకు ఇంటి మాట దొరకకపోతే, పిల్లలకు మిగిలేది వాట్సాప్‌లోని పసుపు ముఖమే.

ఇప్పుడు తరగతిలో ఒక పని చేయిస్తున్నాను. ఒకరు ముఖం పెట్టాలి, మిగిలినవారు దానికి తగిన తెలుగు మాట వ్రాయాలి. మొన్న ఒక బాలిక అలక నటిస్తే దాదాపు అందరూ "కోపం" అని వ్రాశారు. ఆ పిల్లవాడు మాత్రం "అళక" అని వ్రాశాడు. ఒక్క అక్షరమే దిద్దాను.

మీ ఇంట పిల్లలు అలిగినప్పుడు పెద్దలు ఏ మాట వాడుతారో నాకు వ్రాయండి.