నేల మనది, లెక్క ఎవరి నుడిలో?

పావగడ తాలూకా నాగలమడిక హోబళిలో సుమారు 13,000 ఎకరాల నేలపై నేడు సౌరఫలకాలు పరచుకొని ఉన్నాయి. తిరుమణి, వళ్ళూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల రైతులు ఆ నేలను అమ్ముకోలేదు. 28 ఏళ్ల గడువుకు కౌలుకిచ్చారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకమారు 5 శాతం పెంపు అన్నది నాటి ఒప్పందం. 2019 డిసెంబరు నాటికి ఈ పార్కు 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యాన్ని అందుకొన్నది. కరవుకు పేరుమోసిన సీమ విద్యుత్క్షేత్రమైనది. సంతోషమే.

అయితే ఈ కొత్త పంటకు లెక్క ఎక్కడ ఉంటుంది? ఫలకాల నడుమ అమర్చిన యంత్రాల నుండి అంకెలు కొద్ది నిమిషాలకొకసారి కంప్యూటర్లకు చేరుతాయి. అక్కడ అవి రంగుల గీతలుగా, పటాలుగా మారి ఒకే తెరపై అమరుతాయి. దీనినే డ్యాష్‌బోర్డు అంటున్నారు. ఎక్కడో మహానగరంలో కూర్చున్న కంపెనీ అధికారి తన సెల్‌ఫోనులోనే ఏ వరుసలో ఉత్పత్తి తగ్గిందో చూసుకోగలడు. రైతు చేతిలో ఉన్నదీ అటువంటి ఫోనే. తన సర్వే నంబరుకు ఈ ఏడు రావలసిన కౌలెంత, పెంపు ఎప్పటి నుండి, జమ ఏనాడు అన్న మూడు ముక్కలు కూడా అందులో కనబడాలని కోరడం అత్యాశ కాదు.

ఇది సాంకేతికంగా అసాధ్యమూ కాదు. మైక్రోసాఫ్ట్ వారి పవర్ బీఐ వంటి సాధనాలలో ఒకే పట్టిక నుండి ఎవరి వరుసను వారికి మాత్రమే చూపే ఏర్పాటున్నది. చిన్న తెరకు తగినట్లు పలకను వేరుగా అమర్చవచ్చు. సిగ్నల్ పోయినా చివరిసారి వచ్చిన అంకెలు ఫోనులో నిలుస్తాయి. ఆ సాధనపు మెనూ భాషలలో హిందీకి చోటున్నది, తెలుగుకు లేదు. 2014 నుండి ఆ సంస్థను నడుపుతున్నవాడు హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల! అయినా పలకపై పెట్టే శీర్షికలను తెలుగులో రాసుకోవడానికి అడ్డేమీ లేదు. రాయించవలసినవారు రాయించాలి, అంతే.

అడగనిదే ఎవరూ పెట్టరు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం తగిలి ఐఫోన్లు స్తంభించాయి. ఆపిల్ సంస్థ రోజులలోనే సవరణ విడుదల చేసింది. తమ పని ఆగినప్పుడు మన అక్షరం వారికి కనబడింది. మన పని ఆగిన సంగతి మనమే చెప్పుకోవాలి.

కన్నడంతో మనకు తగవు లేదు. అది రాష్ట్ర భాష. ముందు అదే ఉండాలి. పక్కన తెలుగు ఉండాలని మాత్రమే కోరుతున్నాను. భాషాల్పసంఖ్యాకులు 15 నుండి 20 శాతం ఉన్న ప్రాంతాలలో ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలోనూ వెలువరించాలని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రమే చెప్పింది. కౌలు లెక్క కంటె ముఖ్యమైన ప్రకటన రైతుకు ఇంకేమున్నది? నాడు గోడకంటించిన కాగితం నేడు ఫోనుతెర అయినది. మాధ్యమం మారినంతమాత్రాన హక్కు మారదు.

ఇక్కడ ఒక నిజాన్నీ ఒప్పుకోవాలి. మన ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమే చదివినవారు అనేకులు. వారికి తెలుగు లిపి కూడా పరాయిదే. కాబట్టి అంకె పక్కన తెలుగు అక్షరంతో బాటు, నొక్కగానే తెలుగులో చదివి వినిపించే గొంతు కూడా ఉండాలి. తెలుగు పలుకు నేటి ఫోన్లకు కొత్త కాదు. చదువురాని అవ్వ కూడా మనుమడిని బతిమాలకుండా తన కౌలు తాను వినాలి.

ఈ అయిదు గ్రామాల వారు గ్రామసభలో తీర్మానం చేసి, కౌలు ఒప్పందాలు చేసుకొన్న కర్ణాటక సౌరవిద్యుత్ అభివృద్ధి సంస్థకు పంపాలని నా మనవి. ఆ విన్నపాన్ని తెలుగులోనే రాయండి. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా మొర పెట్టుకొనే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. నేలను ఇచ్చినవారికి ఆ నేల లెక్క సొంత నుడిలో తెలియాలి. దానిని దయగా కాదు, బాకీగా అడుగుదాం.