సముద్రం అడుగున మాడిన మచ్చలు
అక్కయ్యలూ, మొన్న మా అమ్మాయి అట్లాసు తెచ్చి, "బంగాళాఖాతంలోంచి దక్షిణానికి దిగిన ఈ నిలువు గీతేంటమ్మా?" అంది. ఇంటర్‌తో ఆగిన చదువు నాది. తెలీదనడం నామోషీ అనిపించి పుస్తకాలు తిరగేశాను.

అది నీళ్లకింద కొండల వరసటండీ! 90 డిగ్రీల తూర్పు రేఖ వెంట, దాదాపు 5,000 కిలోమీటర్లు. పేరు నైంటీ ఈస్ట్ రిడ్జ్.

సన్నని మంట మీద పెనం మెల్లగా జరిపితే మాడిన మచ్చలు వరసగా పడవూ? అలాగే. కెర్గ్యులెన్ దీవుల వైపు భూగర్భంలో ఉన్న వేడి పొయ్యి. మన దేశాన్ని మోసే పలక పెనం. అది ఉత్తరానికి జరుగుతుంటే లావా పొంగి, గడ్డకట్టి కొండలైంది. అందుకే ఉత్తరపు కొండల వయసు సుమారు 8 కోట్ల ఏళ్లు, దక్షిణపువి 4 కోట్ల పైచిలుకు. ఉత్తరపు కొస అయితే గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన మట్టికింద పూడిపోయింది. పాత సామానుకే దుమ్మెక్కువ, మా అటక మీదలాగే!

"అయితే మనం ఇప్పుడూ కదులుతున్నామా?" అంది. ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లన్నాను. వెంటనే స్కేలు తీసి కొలుచుకుంది.